ఆన్‌లైన్ డిగ్రీనా, రెగ్యులర్ కాలేజీనా: హైదరాబాద్ కంపెనీలు అసలు ఏం చూస్తాయి

పోయిన నెల ఉప్పల్ నుంచి మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "ఏమే, మావాడి ఇంటర్ అయిపోయింది, ఇంజనీరింగ్ వద్దంటున్నాడు. ఆన్‌లైన్‌లో బీబీఏ చేస్తాడంట, పక్కన ఏదైనా ఉద్యోగం చూసుకుంటాడంట. రేపు కంపెనీల్లో ఆ డిగ్రీ చెల్లుతుందా? నువ్వు ఆ పనిలోనే ఉన్నావు కదా, చెప్పు" అంది. పదకొండేళ్లుగా గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ కంపెనీల్లో రిక్రూటర్‌గా పనిచేస్తున్నా ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. చెల్లుతుంది అంటే సగం నిజమే చెప్పినట్టు, చెల్లదు అంటే అబద్ధం చెప్పినట్టు. మే, జూన్ వచ్చాయంటే బంధువుల్లోనో పాత స్నేహితుల్లోనో ఎవరో ఒకరు ఇదే అడుగుతుంటారు కాబట్టి, ఆ రోజు అక్కకు గంటసేపు చెప్పిందంతా ఇంకొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను బీకాం డిస్టెన్స్‌లోనే చదివాను, ఉస్మానియా దూరవిద్యా కేంద్రంలో. నాన్న ఆరోగ్యం బాగోక ఇంటర్ అవగానే కూకట్‌పల్లిలో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో చేరాను, వారమంతా వోచర్లు, లెడ్జర్లు, ఆదివారం క్లాసులు, పరీక్షల ముందు రాత్రిళ్లు చదువు. తర్వాత ఎంబీఏ మాత్రం రెగ్యులర్‌గా చేశాను. అంటే డిస్టెన్స్ డిగ్రీతో ఇంటర్వ్యూలో కూర్చుని "ఎందుకు రెగ్యులర్ చదవలేదు" అన్న ప్రశ్న విన్నదాన్నీ నేనే, ఇప్పుడు బల్లకు ఇవతల కూర్చుని అలాంటి రెజ్యూమెలు చూస్తున్నదాన్నీ నేనే.

మాటలు కలగాపులగం అవుతున్నాయి కాబట్టి వాటిని విడదీద్దాం. దోస్త్ ద్వారా సీటు వస్తే అది ఆన్‌లైన్ డిగ్రీ కాదు, 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ అడ్మిషన్లు ఆ వెబ్‌సైట్‌లో జరుగుతున్నాయి అంతే, చదువు మాత్రం కాలేజీకి వెళ్లి చదివేదే. డిస్టెన్స్ అంటే పుస్తకాలు ఇంటికి ఇచ్చి, సెలవు రోజుల్లో స్టడీ సెంటర్‌లో కొన్ని క్లాసులు పెట్టి, పరీక్ష సెంటర్‌కి వెళ్లి రాయించేది. ఆన్‌లైన్ డిగ్రీ అంటే పాఠాలు, అసైన్‌మెంట్లు అన్నీ ఇంటర్నెట్‌లోనే జరిగేది. ఇక ఎడ్‌టెక్ కంపెనీలు, అంటే ఆన్‌లైన్ కోర్సుల వ్యాపారం చేసేవి, అమ్మే ఆరు నెలల, పదకొండు నెలల సర్టిఫికెట్ కోర్సు ఈ మూడింటిలో ఏదీ కాదు, అసలు డిగ్రీనే కాదు. ఫోన్‌లో మాట్లాడే అమ్మాయి దాన్ని "పీజీ ప్రోగ్రామ్" అని ఎన్నిసార్లు అన్నా సరే, డిగ్రీ పట్టా ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకీ, ఐఐటీల్లాగా చట్టం ఆ హక్కు ఇచ్చిన సంస్థలకీ మాత్రమే ఉంటుంది.

చట్టం విషయంలో గందరగోళం లేదు. దేశంలో విశ్వవిద్యాలయాలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2020లో డిస్టెన్స్, ఆన్‌లైన్ కోర్సులకు నిబంధనలు తెచ్చింది, 2022 సెప్టెంబరులో మళ్లీ ప్రత్యేకంగా ప్రకటన ఇచ్చి, గుర్తింపు ఉన్న విద్యాసంస్థ ఈ విధానాల్లో ఇచ్చిన డిగ్రీ, పీజీ పట్టాలు రెగ్యులర్ వాటితో సమానమేనని చెప్పింది. అందుకే టీజీపీఎస్సీ గ్రూప్స్, యూపీఎస్సీ సివిల్స్, బ్యాంకు పీఓ, ఇలా "ఏదైనా డిగ్రీ" చాలు అనే పరీక్షలకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనో, కేంద్రం నడిపే ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలోనో చదివినవాళ్లు నిశ్చింతగా అప్లై చేసుకోవచ్చు. నిజానికి మన ఊరికి ఇదేమీ కొత్త కాదు. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ హైదరాబాద్‌లోనే 1982లో మొదలైంది, అప్పట్లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1991 నుంచి అంబేద్కర్ పేరు. దానికి మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న జి. రామిరెడ్డి గారే తర్వాత ఇగ్నోకి కూడా మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ యూనివర్సిటీలో చదివి ప్రభుత్వ ఆఫీసుల్లో ప్రమోషన్లు తెచ్చుకున్నవాళ్లు ప్రతి కాలనీలో ఇద్దరు ముగ్గురు కనిపిస్తారు.

కానీ ప్రైవేటు కంపెనీ సంగతి వేరు. సమానమని యూజీసీ చెప్పినంత మాత్రాన రిక్రూటర్ నిన్ను ఇంటర్వ్యూకి పిలవాలని ఎక్కడా లేదు. ఎవరిని పిలవాలో కంపెనీ ఇష్టం. కాబట్టి అసలు ప్రశ్న డిగ్రీ చెల్లుతుందా అన్నది కాదు, నీ రెజ్యూమె ఏ గేటు దగ్గర ఆగుతుంది అన్నది.

ఫ్రెషర్ గేటు

ఆన్‌లైన్ డిగ్రీకి గట్టి దెబ్బ తగిలే చోటు ఇదొక్కటే, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తాను.

వేరే కంపెనీలకు సాఫ్ట్‌వేర్ పని చేసిపెట్టే పెద్ద సర్వీసు కంపెనీలు ఏటా వేల మంది ఫ్రెషర్లను తీసుకునేటప్పుడు ఒక్కో రెజ్యూమె చదివి నిర్ణయం తీసుకోరు, కుదరదు కూడా. ముందు వడపోత పెడతారు: టెన్త్, ఇంటర్, డిగ్రీలో 60 శాతం, బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు, చదువులో గ్యాప్ ఇంతకు మించకూడదు. వాటి పక్కనే చాలా నోటిఫికేషన్లలో ఇంకో లైను ఉంటుంది, "ఫుల్‌టైమ్ కోర్సులు మాత్రమే, పార్ట్‌టైమ్, కరెస్పాండెన్స్ పరిగణించం" అని. అప్లికేషన్ ఫారంలో కోర్సు విధానం అడిగే గడి దగ్గర డిస్టెన్స్ అని ఎంచుకోగానే తెలివైన పిల్లవాడైనా బయటికి వెళ్లిపోతాడు, వాడి ముఖం కూడా ఎవరూ చూడరు. నాకిది అన్యాయంగానే అనిపిస్తుంది, మా మీటింగుల్లో చాలాసార్లు అన్నాను కూడా, కానీ లక్ష అప్లికేషన్లు వచ్చే చోట ఎలాగోలా తగ్గించుకోవాలని చూస్తారు, ఈ లైను తేలిగ్గా తగ్గించే లైను.

రెండోది ఇంకా ముఖ్యం. ఫ్రెషర్ ఉద్యోగాల్లో పెద్ద భాగం క్యాంపస్‌లోనే అయిపోతాయి. కంపెనీవాళ్లే కాలేజీకి వచ్చి, పరీక్ష పెట్టి, అదే రోజు లిస్టు ఇచ్చేస్తారు. ఇంట్లో కూర్చుని చదివినవాడి గుమ్మంలోకి ఏ కంపెనీ రాదు. వాడు వాక్-ఇన్‌లకు తిరగాలి, రిఫరల్ కోసం తెలిసినవాళ్లను అడగాలి. చాలామంది తల్లిదండ్రులు "డిగ్రీ విలువ తక్కువ" అనుకుంటారు గానీ, తక్కువైంది పట్టా విలువ కాదు, కంపెనీకీ విద్యార్థికీ మధ్య ఉండే ఆ దారి.

ఇక్కడే రెగ్యులర్ వైపు నిజం కూడా చెప్పాలి. మన సిటీలో రెగ్యులర్ కాలేజీలన్నిటికీ ఆ దారి ఉందా? లేదు. కింద షాపులు, పైన రెండో అంతస్తులో కాలేజీ, ఏడాదికి నెల రోజులు కూడా క్లాసులు జరగవు, హాజరు రిజిస్టర్‌లో మాత్రం అందరూ వచ్చినట్టే. పరీక్షల ముందు గైడు కొనుక్కుని రాయడమే చదువు. అలాంటి చోటికి ఏ కంపెనీ క్యాంపస్‌కి రాదు. అక్కడ చదివి నా దగ్గరికి వచ్చిన పిల్లలకు బీకాం చేతిలో ఉంటుంది, జర్నల్ ఎంట్రీ చెప్పమంటే నోరు పెగలదు. తప్పు పిల్లలది కాదు, మూడేళ్లు వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అలాంటి రెగ్యులర్ డిగ్రీతో పోలిస్తే పరీక్షలు గట్టిగా పెట్టే ఆన్‌లైన్ డిగ్రీ వందరెట్లు నయం. అందుకే "ఆన్‌లైనా, రెగ్యులరా" అని కాకుండా "ఫలానా కాలేజీనా, ఫలానా యూనివర్సిటీ ఆన్‌లైనా" అని పేర్లు పెట్టి పోల్చుకోండి. కాలేజీని చూడ్డానికి వెళ్లినప్పుడు ప్లేస్‌మెంట్ బోర్డు మీద ఫొటోలు లెక్కపెట్టకండి, బయట చాయ్ తాగుతున్న ఫైనలియర్ పిల్లల్ని పలకరించి, పోయిన ఏడాది మీ కోర్సుకి ఏ కంపెనీ వచ్చింది, ఎంతమందిని తీసుకుంది అని అడగండి. ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

రెండో ఉద్యోగం నుంచి లెక్క మారిపోతుంది

రెండు మూడేళ్ల అనుభవం వచ్చాక ఇంటర్వ్యూలో డిగ్రీ మీద అర నిమిషం కూడా గడవదు. ఏ ప్రాజెక్టు చేశావు, ఏ టూల్ వాడావు, మంత్ ఎండ్ క్లోజింగ్ ఒక్కడివే చేశావా, ఎందుకు మానేస్తున్నావు, ఇవే ప్రశ్నలు. డిగ్రీ అప్పుడు కేవలం ఒక టిక్కు. అంతర్జాతీయ బ్యాంకులు, బీమా కంపెనీలు తమ పని ఇక్కడ చేయించుకోవడానికి పెట్టుకున్న ఆఫీసులు, క్యాపబిలిటీ సెంటర్లంటారు, మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో బోలెడు ఉన్నాయి, వాటిలో అనుభవం ఉన్నవాళ్లను తీసుకునేటప్పుడు డిగ్రీ డిస్టెన్స్‌దని తిరస్కరించడం నా అనుభవంలో చాలా అరుదు. తిరస్కరించేది గుర్తింపు లేనప్పుడు, తేదీలు సరిపోలనప్పుడు.

ఒక ఉదాహరణ చెప్తాను. అకౌంట్స్ పేయబుల్ (కంపెనీ కట్టాల్సిన బిల్లుల లెక్క చూసే) ఉద్యోగానికి ఇద్దరు చివరి రౌండ్‌కి వచ్చారు. ఒకమ్మాయి పేరున్న కాలేజీలో రెగ్యులర్ బీకాం, మంచి మార్కులు, ఇంగ్లీషు ధారాళంగా వస్తుంది. ఇంకో అబ్బాయి డిస్టెన్స్ బీకాం, కానీ ఆ మూడేళ్లూ రాణిగంజ్‌లో ఒక ఇనుప సామాన్ల షాపులో లెక్కలు రాశాడు. జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు, టాలీలో బ్యాంకు రీకన్సిలియేషన్, బాకీ పడ్డ పార్టీలకు ఫోన్లు చేసి వసూలు చేయడం, అన్నీ చేతులతో చేసినవే. ఇన్వాయిస్‌లో తప్పు ఎక్కడుందో కనిపెట్టమని కాగితం ఇస్తే నిమిషంలో వేలు పెట్టి చూపించాడు. మా మేనేజర్ అతన్నే తీసుకున్నారు. ఇంగ్లీషు తడబడింది, అది ఆరు నెలల్లో సర్దుకుంది. పక్కన పని లేకుండా ఇంట్లోనే కూర్చుని అదే డిస్టెన్స్ డిగ్రీ చేసి ఉంటే అతను ఆ గదిలోకే వచ్చేవాడు కాదు, ఇది కూడా అంతే నిజం.

కాబట్టి ఆన్‌లైన్ డిగ్రీ తీసుకునేవాళ్లు మిగిలిన సమయం దేనికి వాడతారన్నదే డిగ్రీ కన్నా బరువైన విషయం. మూడేళ్ల రెజ్యూమెలో చదువు ఒక్క లైనే ఉండి, మిగతా కాగితం తెల్లగా ఉంటే, ఆ మూడేళ్లు ఏం చేశావన్న ప్రశ్న తప్పదు. రెగ్యులర్ విద్యార్థిని ఆ ప్రశ్న ఎవరూ అడగరు, కాలేజీకి వెళ్లాడనే జవాబు ముందే ఉంది.

ఏ రంగానికి పోతారో అది ముందు తేల్చుకోండి

ఆన్‌లైన్‌లో ఆలోచించడానికే వీల్లేని చదువులు కొన్ని ఉన్నాయి. ఇంజనీరింగ్, మెడిసిన్, నర్సింగ్, ఫార్మసీ, ఫిజియోథెరపీ, ఆర్కిటెక్చర్, న్యాయశాస్త్రం, హోటల్ మేనేజ్‌మెంట్ లాంటివి ఆన్‌లైన్, డిస్టెన్స్‌లో ఇవ్వడానికి యూజీసీ ఒప్పుకోదు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీ, న్యూట్రిషన్ లాంటి ఆరోగ్య సంబంధ కోర్సులు కూడా ఆపేయమంది. కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు అనుమతి లేకుండా డిస్టెన్స్‌లో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీల మీద 2017లో సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది, అప్పటికే ఉద్యోగాల్లో స్థిరపడినవాళ్లు కూడా ఇబ్బంది పడ్డారు. ఎవరైనా "డిస్టెన్స్ బీటెక్" అంటే ఇంకో మాట వినకుండా ఫోన్ పెట్టేయండి. డిప్లొమా చేసి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు వేరే దారి ఉంది, పని చేసేవాళ్ల కోసం సాయంత్రం వేళల్లో బీటెక్ నడపడానికి సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ 2023-24 నుంచి ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులు ఇస్తోంది, అది తరగతి గదిలో కూర్చుని చదివేదే.

జీడిమెట్ల, పటాన్‌చెరు ఫార్మా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేయాలంటే రెగ్యులర్ బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీఫార్మసీ కావాల్సిందే. టైట్రేషన్ లాంటి ల్యాబ్ పరీక్ష వీడియోలో చూసి నేర్చుకునేది కాదు, వాళ్లు మొదటి ఇంటర్వ్యూలోనే పిపెట్ పట్టుకున్న చేయో కాదో పసిగడతారు.

అకౌంట్స్, హెచ్ఆర్, కస్టమర్ సపోర్ట్, సేల్స్, కంటెంట్, డిజిటల్ మార్కెటింగ్, వీటిలో ఆన్‌లైన్ డిగ్రీకి అడ్డు చాలా తక్కువ. సాఫ్ట్‌వేర్‌లో రెండు లోకాలు. సర్వీసు కంపెనీల సంగతి పైన చెప్పాను. చిన్న ప్రొడక్ట్ కంపెనీలు, స్టార్టప్‌లు ముందే కోడింగ్ టెస్టు పెడతాయి, అది దాటితే డిగ్రీ ఎక్కడిదన్నది తర్వాత అడుగుతాయి. టీచర్ అవ్వాలంటే బీఈడీ నిబంధనలు టీచర్ చదువులను చూసే ఎన్‌సీటీఈవి, ఆ లెక్క వేరుగా చూసుకోవాలి.

అమెరికా ఆలోచన ఉన్న ఇళ్లు మన దగ్గర ఎక్కువ కాబట్టి ఒక మాట. అక్కడి చాలా యూనివర్సిటీలు ఎంఎస్‌కి పదహారేళ్ల చదువు అడుగుతాయి, మూడేళ్ల డిగ్రీ అయితే, అది రెగ్యులర్ అయినా ఆన్‌లైన్ అయినా, ఆ లెక్క దగ్గర ఇరుకున పడతారు. అలాంటి ఉద్దేశం ఉంటే నాలుగేళ్ల డిగ్రీ వైపే చూడండి.

ఒక ఆన్‌లైన్ డిగ్రీ గురించి ప్రత్యేకంగా

ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన డేటా సైన్స్ డిగ్రీ వచ్చాక, మా రిక్రూటర్లు ఆన్‌లైన్ అనే మాటను చూసే తీరులో మార్పు నేను కళ్లారా చూశాను. కారణం ఐఐటీ అనే పేరు ఒక్కటే కాదు. పాఠాలు ఆన్‌లైన్‌లో ఉన్నా క్విజ్‌లు, ఎండ్‌టర్మ్ పరీక్షలు సెంటర్‌కి వెళ్లి రాయాలి, హైదరాబాద్‌లోనూ సెంటర్లు ఉన్నాయి. చేరాలంటే ముందు నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ పరీక్ష పాసవ్వాలి, జేఈఈ అక్కర్లేదు. ఫౌండేషన్, డిప్లొమా, బీఎస్సీ, బీఎస్ అని మెట్లుమెట్లుగా ఉంటుంది, ఒక మెట్టు పూర్తిచేసి ఆపినా చేతిలో ఏదో ఒక సర్టిఫికెట్ ఉంటుంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఫీజులో పెద్ద రాయితీ కూడా ఉంది. లెక్కలంటే భయం ఉన్నవాళ్లు మాత్రం తొందరపడొద్దు, ఫౌండేషన్ దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఆ కష్టమే దాని విలువ, ఎందుకంటే రిక్రూటర్ మనసులో ఆన్‌లైన్ డిగ్రీ మీద ఉండే అసలు అనుమానం "ఇంట్లో కూర్చుని ఎవరు రాశారో" అన్నదే. ఆ అనుమానానికి జవాబు చెప్పగల ఏ యూనివర్సిటీ డిగ్రీ అయినా నిలబడుతుంది. అమెరికాలో జార్జియా టెక్ 2014లో ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ మొదలుపెట్టి, క్యాంపస్‌లో చదివినవాళ్లకిచ్చే పట్టానే వాళ్లకూ ఇస్తోంది, మా అమెరికా మేనేజర్లు దాన్ని రెజ్యూమెలో చూస్తే కనుబొమ్మ కూడా ఎగరేయరు.

ఉద్యోగంలో ఉన్నవాళ్లకు బిట్స్ పిలానీ వర్క్ ఇంటిగ్రేటెడ్ (ఉద్యోగం చేస్తూనే చదివే) కోర్సుల్లాంటివి కంపెనీలే చాలాసార్లు సిఫార్సు చేస్తాయి, కొన్ని ఫీజు కూడా కడతాయి. చేరేముందు మీ హెచ్ఆర్‌ని అడగండి, ముందస్తు అనుమతి లేకుండా చేసిన చదువును ప్రమోషన్‌కి లెక్కలోకి తీసుకోని సంస్థలు ఉన్నాయి, ముఖ్యంగా ప్రభుత్వ రంగంలో.

రెండూ కలిపి చదవొచ్చు

ఇది చాలామందికి ఇంకా తెలియదు. 2022 ఏప్రిల్ నుంచి ఒకేసారి రెండు డిగ్రీలు చదవడానికి యూజీసీ అనుమతి ఇచ్చింది, ఒకటి కాలేజీకి వెళ్లి, ఇంకొకటి ఆన్‌లైన్ లేదా డిస్టెన్స్‌లో. ఉదయం దోస్త్‌లో వచ్చిన బీకాం కంప్యూటర్స్, సాయంత్రం ఆన్‌లైన్‌లో ఇంకో డిగ్రీ. ఫుల్‌టైమ్ గడి దగ్గర రెగ్యులర్ డిగ్రీ నిలబెడుతుంది, ఇంటర్వ్యూలో రెండోది నిలబెడుతుంది. తెలంగాణలో ఫీజు రీయింబర్స్‌మెంట్ రెగ్యులర్ కోర్సులకే వర్తిస్తుంది కాబట్టి, అర్హత ఉన్న కుటుంబాలు కేవలం ఆన్‌లైన్‌కి వెళ్తే ఆ సాయం వదులుకున్నట్టే. ఇది లెక్క వేయకుండానే "ఆన్‌లైన్ చవక" అనుకునేవాళ్లను చాలామందిని చూశాను.

ఇక మోసాల గురించి

ఒక అబ్బాయి విషయం నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అన్ని రౌండ్లు పాసయ్యాడు, ఆఫర్ లెటర్ ఇచ్చాం, పాత ఉద్యోగానికి రాజీనామా కూడా చేశాడు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ రిపోర్టులో డిగ్రీ దగ్గర ఎరుపు వచ్చింది. వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ పేరు చెప్పి సిటీలో ఒక స్టడీ సెంటర్ అతన్ని చేర్చుకుంది, ఫీజు తీసుకుంది, పరీక్ష కూడా పెట్టింది, మెమోలు ఇచ్చింది. ఆ యూనివర్సిటీని అడిగితే ఈ హాల్‌టికెట్ నంబరే మా రికార్డుల్లో లేదన్నారు. అతను మోసం చేయలేదు, మోసపోయాడు, కానీ రిపోర్టులో ఆ తేడాకి గడి ఉండదు. ఆఫర్ వెనక్కి తీసుకునే మెయిల్ నేనే పంపాల్సి వచ్చింది. మా రిసెప్షన్‌లో ఆ ఫైలు పట్టుకుని కూర్చుని "మేడం, నేను నిజంగా చదివాను" అన్నాడు.

అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ గోడల మీద "టెన్త్ ఫెయిలా? ఒకే సిట్టింగ్‌లో డిగ్రీ" అనే పోస్టర్లు మీరూ చూసే ఉంటారు. 2022లో హైదరాబాద్ పోలీసులు నకిలీ పట్టాల ముఠాలను పట్టుకున్నారు, వాటితో విదేశాలకు వెళ్లాలనుకున్న విద్యార్థులూ కేసుల్లో చిక్కుకున్నారు. ఆ తర్వాత కంపెనీలు వెరిఫికేషన్ ఇంకా బిగించాయి.

చేరేముందు చేయాల్సింది కష్టమేమీ కాదు. యూజీసీ దూరవిద్యా విభాగాన్ని డీఈబీ అంటారు, దాని వెబ్‌సైట్‌లో ఏ యూనివర్సిటీకి, ఏ కోర్సుకి, ఏ సెషన్‌కి అనుమతి ఉందో జాబితా ఉంటుంది. మూడూ చూడాలి. యూనివర్సిటీకి అనుమతి ఉండి, మీరు చేరే కోర్సుకి లేకపోవచ్చు, పోయిన ఏడాది ఉండి ఈ సెషన్‌కి లేకపోవచ్చు. 2024 నుంచి విద్యార్థి స్వయంగా డీఈబీ ఐడీ తీసుకోవాలి, "అది మేం చూసుకుంటాం లెండి" అన్నవాడి దగ్గర చేరొద్దు. రాష్ట్ర యూనివర్సిటీలు, ప్రైవేటు యూనివర్సిటీలు తమ రాష్ట్రం దాటి డిస్టెన్స్ స్టడీ సెంటర్ పెట్టకూడదు, పూర్తి ఆన్‌లైన్ కోర్సుకి మాత్రం ఆ హద్దు లేదు. ఫీజు యూనివర్సిటీ ఖాతాకే కట్టండి, మధ్యవర్తి ఫోన్ నంబరుకి కాదు. ఎడ్‌టెక్ సంస్థలతో ఫ్రాంచైజీ పద్ధతిలో డిగ్రీలు నడపడానికి వీల్లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 జనవరిలోనే హెచ్చరించాయి.

"నో కాస్ట్ ఈఎంఐ" అంటే కూడా అదొక లోన్ అని గుర్తుపెట్టుకోండి. కోర్సు నచ్చక మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు, కట్టకపోతే బ్యాంకులు అప్పిచ్చేముందు చూసే సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు ఇల్లు కొనేటప్పుడు అది అడ్డం తిరుగుతుంది. సంతకం పెట్టేముందు అప్పు ఇస్తున్నది ఎవరో చదవండి.

రెజ్యూమెలో దాచొద్దు

డిస్టెన్స్ అని రాస్తే పిలవరేమో అన్న టెన్షన్‌తో చాలామంది ఆ మాట మింగేస్తారు. మెమోల మీదే విధానం ఉంటుంది, వెరిఫికేషన్‌లో బయటపడుతుంది, అప్పుడు సమస్య డిగ్రీది కాదు, దాచినందుకు నమ్మకం పోతుంది. యూనివర్సిటీ పేరు, సంవత్సరాలు, విధానం సూటిగా రాసి, దాని కిందే ఆ సమయంలో చేసిన ఉద్యోగం రాయండి. అడిగితే నేను చెప్పినట్టే చెప్పండి: ఇంట్లో పరిస్థితి ఇది, పని చేస్తూ చదివాను, ఇది నేర్చుకున్నాను. నన్ను మొదటి కంపెనీలో తీసుకున్న సార్ ఈ జవాబు విని తల ఊపి, నేరుగా ఎక్సెల్ టెస్టుకి పంపించారు.

ఇక అక్కకు చెప్పింది. ఇంటర్ అయిన పిల్లవాడు, ఇంట్లో ఇబ్బంది లేదు, దగ్గర్లో క్లాసులు జరిగే మంచి కాలేజీలో సీటు వచ్చే అవకాశం ఉంది, అలాంటప్పుడు రెగ్యులర్‌కే పంపమన్నాను. పద్దెనిమిదేళ్ల వయసులో ఉదయం లేచి బస్సెక్కడం, పదిమందితో కలిసి ప్రాజెక్టు చేయడం, సెమినార్‌లో నిలబడి మాట్లాడడం, ఇవి ఇంట్లో గదిలో రావు. అదే వాడికి ఇరవై నాలుగేళ్లు ఉండి ఉద్యోగంలో ఉండి ఉంటే, జీతం మానేసి రెగ్యులర్‌కి వెళ్లమని చచ్చినా చెప్పేదాన్ని కాదు. ఇంటి బాధ్యత నెత్తిన ఉన్నవాళ్లు, పెళ్లై చదువు ఆగిపోయిన ఆడపిల్లలు, ఊళ్లో ఉండి హాస్టల్ ఖర్చు భరించలేనివాళ్లు గుర్తింపున్న ఆన్‌లైన్ లేదా డిస్టెన్స్ డిగ్రీ నిర్భయంగా చేయండి, పక్కన ఏదో ఒక పని పట్టుకోండి, చిన్నదైనా సరే. మంచి కాలేజీ అందుబాటులో లేక, పేరుకి రెగ్యులర్ అయిన చోటే సీటు వస్తుంటే, నా ఓటు గట్టి ఆన్‌లైన్ డిగ్రీకే.

అక్క అంతా విని, "వాడికి నువ్వే చెప్పు" అని ఫోన్ వాడికిచ్చింది. "పిన్నీ, కాలేజీకి పోతే ఉద్యోగం ఎప్పుడు చేయాలి?" అన్నాడు. సెలవుల్లో మా పాత ఆడిటర్ గారి ఆఫీసులో కూర్చోబెడతానన్నాను. వాడు దోస్త్‌లో బీకాం కంప్యూటర్స్‌కి ఆప్షన్లు పెట్టాడు, ఇంటికి రెండు బస్‌స్టాపుల దూరంలో ఉన్న కాలేజీ మొదటిది. ఐఐటీ మద్రాస్ క్వాలిఫయర్‌కి కూడా కట్టాడు, స్టాటిస్టిక్స్ మొదటి వారం అసైన్‌మెంట్ అర్థం కాలేదని నిన్న రాత్రి పదకొండింటికి మెసేజ్ పెట్టాడు. ఆదివారం ఉప్పల్ వెళ్తున్నాను.